లిఫ్టు ఎందుకు దిగింది

లచ్యాతండా, వేంసూరు మండలం
17 ఏప్రిల్ 2025

గోపాలన్నకు రూప్‌సింగ్ నమస్కారం.

ఉత్తరం చూసి బెదరకు. కోర్టు కాయితం కాదు, బ్యాంకుది కాదు, నాదే. వేంసూరు పోస్టాఫీసుల ఇన్‌లాండ్ కవరు అడిగితే కౌంటర్ల కూసున్న పిల్ల నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "తాతా, ఇంకా ఎవరికి రాస్తున్నవ్ ఉత్తరాలు?" అన్నది. యాభై నాలుగేళ్ళకే తాతను చేసింది. ఫోన్ చేద్దామంటే నీకు వినబడదు. మెసేజ్ పెడదామంటే నా వేలు ఒక అక్షరం మీద పెడితే మూడు పడ్తున్నయి. నీకు చెవి లేదు, నాకు వేలు లేదు. ఇంక మనిద్దరికీ మిగిలింది పోస్టుమ్యానే.

అసలు సంగతికొస్త. తమ్ముడు కోటేష్ పోయి తొమ్మిది నెలలు. దినానికి వద్దామని బయల్దేరితే గోదావరి రోడ్డెక్కి కూసుందని కబురు పంపినవ్, గుర్తుంది. అందుకే నీకు ఎవరూ పూర్తిగ చెప్పి ఉండరు. ఆ రోజు ట్రాక్టరుతో వరిమడి దమ్ము చేస్తున్నం. వెనక బురద చిలికే రోటవేటరు బ్లేడ్లకు ఏదో చుట్టుకుంటే, దాన్ని ఎత్తే లిఫ్టు పైకి లేపి పెట్టినం. వాడు కిందికి వంగి తీస్తుండె. లిఫ్టు దిగింది. రోటవేటరు వాని మీద పడ్డది. సత్తుపల్లి దవాఖానకు చేరేలోపే అయిపోయింది. అంతకంటే రాయనీకె ఏం లేదు.

అప్పటి సంది ఎర్రబండి రేకుల షెడ్డులనే ఉంది. డెబ్బై తొమ్మిది మోడలు బండి, సెకండ్‌హ్యాండుల కొన్నం, మా ఇద్దరిని ఇరవై నాలుగేళ్ళు సాకింది. ఇప్పుడు కోళ్ళు సీటెక్కి గుడ్లు పెడుతున్నయి. తోలేటోళ్ళల్ల అవే నయం, డీజిల్ అడగవు.

కోటేష్ కొడుకు రవికుమార్ ఓపెన్‌కాస్టుల బొగ్గు కాంట్రాక్టరు దగ్గర లారీ తోలుతుండె కదా. ఆ కాంట్రాక్టు అయిపోయింది. "పెద్దబాపూ, జూలైల దమ్ముకు మన బండి నేను తోల్త. కిరాయికి కూడ పోత" అంటుండు. వాళ్ళమ్మ సైదమ్మను అడిగితే, "బావ సరే అంటే సరే" అన్నది. బరువంత తెచ్చి నా నెత్తి మీద పెట్టి, ఆమె గిన్నెలు తోముకోబోయింది.

నేను సరే ఎట్ల అనాలె? ఆ రోజు లిఫ్టు ఎందుకు దిగిందో తెలవకుండ వాణ్ణి ఆ బండి దగ్గరికి ఎట్ల పంపాలె? రేపు వాడు కిందికి వంగితే?

లిఫ్టు నూనె తీసేసి, లోపలంత కడిగి, కొత్తది పోద్దామనుకుంటున్న. ముప్పై ఏళ్ళు సత్తుపల్లిల షెడ్డు పెట్టి సగం తాలూకా ట్రాక్టర్ల కడుపులు చూసినోనివి. ఎట్ల చెయ్యాల్నో రాయి. ఇంకొకటి. పాత నూనెను చూస్తే తప్పు లిఫ్టుదో కాదో తెలుస్తదా? ఈ ఒక్కదానికి మాత్రం ఎగతాళి చెయ్యకుండ జవాబియ్యి.

నీ
రూప్‌సింగ్


రేగులగుంపు, చర్ల మండలం
2 మే 2025

తమ్ముడు రూప్‌సింగ్‌కు,

నీ ఉత్తరం వచ్చింది. పోస్టుమ్యాన్ మా గుంపుకు వచ్చి ఆర్నెల్లయింది, దారి మర్చిపోయిండట. మా ఇంటామె జంపక్క అతనికి జావ పోసి పంపింది.

ఇక్కడ బీడీల తునికాకు కోత మొదలైంది. పొద్దున్నే జంపక్క అడవిలకు పోతది. నేను ఇంటికాడ కూసుని కట్టలు కడుతున్న, యాభై ఆకులకొక కట్ట. చెవులు లేనోనికి మంచి పని. ఆకులు ఏం అడగవు.

కోటేష్ సంగతి చదివి రెండ్రోజులు కలం పట్టలే. వాడు నా షెడ్డుకొస్తే స్పానర్లు సైజు వారీగ సర్ది పోయేటోడు. ఇంక ఎవరూ అట్ల చెయ్యలే.

ఇప్పుడు పని చెప్త, రెండుసార్లు చదువు.

నూనె తీసే ముందే ఒక పరీక్ష ఉంది. రోటవేటరు తగిలించు. లిఫ్టు మొత్తం పైకి లేపి ఇంజన్ బంద్ చెయ్యి. నేల మీద ఒక కట్టె నిలబెట్టి, రోటవేటరు అంచు ఎక్కడుందో కట్టె మీద గీత గియ్యి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వదిలెయ్. ఎవ్వరినీ దాని కిందికి పోనియ్యకు. తప్పు లిఫ్టుదైతే అది గీత దిగి తీరతది. లిఫ్టు మంచిదైతే ఉన్నకాడనే ఉంటది. ఇది పాత నూనెతోనే చూడాలె. నూనె మార్చినంక చూస్తే ఆ రోజు సంగతి ఎవడూ చెప్పలేడు. ఇది మర్చిపోకు.

తర్వాత బండిని వేంసూరు రోడ్డు దాకా తోలుకుపోయి రా. నూనె వెచ్చగైతేనే అడుగున ఉన్న మడ్డి కదుల్తది. లిఫ్టు పూర్తిగ కిందికి దించు. మన బండికి గేర్‌బాక్సుకు, లిఫ్టుకు నూనె ఒకటే, ముప్పై లీటర్ల పైన ఉంటది. అడుగున బోల్టులు రెండున్నయి, గేర్‌బాక్సు కింద ఒకటి, వెనక పెద్ద పెట్టె కింద ఒకటి. రెండూ విప్పు. పెద్ద తొట్టి పెట్టుకో, లేకపోతే మీ వాకిలి జిడ్డు నీ జీవితకాలం పోదు. లోపల నూనె వడపోసే జాలీ తీసి డీజిల్‌తో కడుగు. చిరిగితే కొత్తది వెయ్, కుట్టకు.

కడగనీకె సగం డీజిల్ సగం పల్చని నూనె కలిపి పొయ్యి. బరువు తగిలించకుండ, ఇంజన్ మెల్లగ పెట్టి, లిఫ్టు ఐదారుసార్లు లేపి దించు, అంతే. ఎక్కువసేపు నడిపితే పంపు పోతది. అది తీసేసి మర్నాటిదాకా కారనియ్యి. తెల్లగ వచ్చేదాకా కడుగు. కొత్త నూనె పోసేటప్పుడు చీరగుడ్డతో వడపోసే తెలివి చూపించకు. పోగులు లోపలికి పోతే వాల్వుల ఇరుక్కుంటయి. కొలపుల్ల మీద గీత దాకా పోసి, గాలి పోయేదాకా లిఫ్టు మెల్లగ పదిసార్లు ఆడించు.

పరీక్ష మాత్రం ముందు.

గోపాలు


లచ్యాతండా
19 మే 2025

గోపాలన్నకు,

పని అయింది. నేను బతికే ఉన్న. మా వాకిలి మాత్రం పోయింది. నువ్వు తొట్టి పెట్టుకొమ్మన్నవ్, పెట్టిన. బర్రెల కుడితి తొట్టి. ముప్పై లీటర్లకు సరిపోతదని నా లెక్క. నూనెకు నా లెక్క తెలవదు. రవిగాడు కొబ్బరి పీచు, ఊక, సైదమ్మ గోనె సంచులు అన్నీ తెచ్చి కప్పిండు. ఇప్పుడు మా బర్రె ఆ జాగకొచ్చి నిలబడి, నా తొట్టి ఏదని నా దిక్కు చూస్తది.

నూనె రంగు చెప్త. పాలెక్కువ పోసిన టీ. నిజంగ. గిలాసల పోసి సత్తుపల్లి బస్టాండుల పెడితే అల్లం వేసి అమ్మేస్తరు. బోల్టుకున్న అయస్కాంతానికి ఇనుప రజను ఎలక మీసాల లెక్క పట్టుంది. అడుగున బురద, వేలు పెడితే గోరు దాకా. జాలీ బాగనే ఉంది, పూడుకుపోయిందంతే. మొదటిసారి కడిగితే బూడిద రంగు, రెండోసారి కూడ అంతే, మూడోసారికి తేరుకుంది. రవి అంటడు, "పెద్దబాపూ, నీ పంచె కూడ ఇట్ల మూడుసార్లు జాడిస్తే బాగుండు" అని. వానిది మా వైపు నోరే.

అంటే నూనెల నీళ్ళు చేరినయి గదా అన్నా. దమ్ముల ఇరుసు దాకా నీళ్ళల్ల తిరుగుతది, రబ్బరు సీళ్ళు పాతయి, అక్కడి నుంచి పోయి ఉంటయి. నీళ్ళు కలిసిన నూనెకు పట్టుండదు. పట్టు లేకనే లిఫ్టు దిగింది. అంతేనా? నువ్వు అవ్ అని ఒక్క ముక్క రాస్తే చాలు.

సైదమ్మ గడపల నిలబడి చూస్తుండె. ఇన్ని నెలలల్ల ఆమె ఆ షెడ్డు దిక్కు చూసింది అదే మొదలు. "ఏం దొరికింది బావా?" అన్నది. "నీళ్ళు" అన్న. "నీళ్ళేనా?" అన్నది. "అవ్, నీళ్ళే" అన్న. లోపలికి పోయింది.

నువ్వు చెప్పిన గీత పరీక్ష కుదరలే. రవి తొందరపెట్టిండు, బోల్టు ముందే విప్పేసిండు. పోనీలే, నూనె చెప్పింది గదా.

కొత్త నూనె జాలీతోనే వడపోసిన. చీరగుడ్డ ముట్టలే.

జంపక్క వదినకు నమస్కారం చెప్పు. ఈసారి ఆ పోస్టుమ్యాన్‌కు జావ కాదు, అన్నం పెట్టుమను. మన ఇద్దరి సంసారం వాని మీదనే ఉంది.

రూప్‌సింగ్


రేగులగుంపు
30 మే 2025

తమ్ముడు రూప్‌సింగ్‌కు,

అవ్ అని రాయలేను.

నూనెల నీళ్ళు చేరితే లిఫ్టు మెల్లగ లేస్తది, మూలుగుతది, వణుకుతది. పంపు తొందరగ అరుగుతది. ఉన్నపళాన కింద పడదు. దమ్ము చేసే బండ్లల్ల పదింటికి ఎనిమిదింట్ల ఆ టీ రంగే ఉంటది. అన్నీ పడితే మన దిక్కు రైతు మిగలడు. ఇందుల నీకు అబద్ధం చెప్పనీకె నాకు చేతకాదు, నా చేతులతో చూసిన పని.

కానీ ఇంకొకటి చెప్పాలె. ఇన్ని రోజులు చెప్పలే.

రెండేళ్ళ కింద మీ లిఫ్టు విప్పినప్పుడు పిస్టన్ రింగు అరిగి ఉంది. సత్తుపల్లిల దొరకలే, ఖమ్మంల దొరకలే. సీజను నడుస్తుంది, కోటేష్ జల్దీ చెయ్యమన్నడు. పాత రింగే తుడిచి మళ్ళ వేసిన. ఈ ఏడు నడుస్తది అనుకున్న. తర్వాత చెవులు పోయినయి, షెడ్డు మూసిన, ఇక్కడికొచ్చిన, మీకు చెప్పాలన్నది మర్చిపోయిన. లిఫ్టు దిగింది అందుకే. తప్పు నాది.

సైదమ్మకు చెప్పు. రవికి చెప్పు. నా పేరు పెట్టి చెప్పు. కొత్త రింగు వేయించి పిల్లగాన్ని ధైర్యంగ తోలుకొమ్మను. తండా అంత నన్ను తిట్టనియ్యి. నాకు ఎట్లాగూ వినబడదు.

గోపాలు


లచ్యాతండా
11 జూన్ 2025

గోపాలన్నకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన. సైదమ్మకు చెప్పలే. చెప్పను కూడ.

నువ్వు లిఫ్టు విప్పిన రోజు నేను నీ షెడ్డులనే ఉన్న. మర్చిపోయినవ్. కొత్త రింగు ఖమ్మం నుంచి బస్సుల తెచ్చింది నేను. నీ చేతులకు జిడ్డుంటే దాని కవరు పళ్ళతో చింపింది కూడ నేనే. పాత రింగు ఇంటికి తెచ్చి పలుపుకు కడితే ఇప్పటికీ దూడ మెడల ఉంది. నా కోసం అబద్ధమాడినవని తెలుసు. నీకు అబద్ధం నిజంగనే చేతకాదు.

నేను కూడ నీకు అబద్ధం రాసిన. గీత పరీక్ష చేసిన. రవి ఊర్ల లేని రోజు చూసి చేసిన. పొద్దున ఏడు గంటలకు గీత గీసిన. అక్కడనే నులకమంచం వేసుకుని సాయంత్రం దాకా కూసున్న. దిగాలె దిగాలె అని మొక్కుకున్న. ఎవడన్న తన బండి పాడై ఉండాలని మొక్కుతడా? నేను మొక్కిన. అది గోరు మందం కూడ దిగలే. నమ్మక మర్నాడు మళ్ళ చేసిన. దిగలే.

తర్వాత నూనె తీసిన. నీళ్ళు కనబడంగనే ప్రాణం లేచొచ్చింది. అందుకే నీకు అట్ల రాసిన.

ఇప్పుడు ఆ రోజు సంగతి రాస్త. ఎవ్వరికీ చెప్పలే.

అడవిపందులు రాకుండ చేను చుట్టు చీరలు కట్టుకుంటం కదా. గాలికి ఒకటి ఊడి బురదల పడ్డట్టుంది. రోటవేటరుకు చుట్టుకుంది. సైదమ్మ చీర, పచ్చది. నేను సీటుల ఉన్న. లిఫ్టు లేపిన. ఇంజన్ బంద్ చెయ్యలే. బంద్ చేస్తే మళ్ళ స్టార్టు కావడానికి సతాయిస్తదని. కోటేష్ కిందికి వంగి కొడవలితో చీర కోస్తుండు.

ఊకె ఎందుకు కూసోవాలని నేను బద్యా మామ సంగతి మొదలుపెట్టిన. మా బద్యా మామ మొక్కు తీర్చుకోనీకె భద్రాచలం పోతనని రైలెక్కి, కొత్తగూడెంల ఉన్న భద్రాచలం రోడ్ స్టేషన్ల దిగి, అదే ఊరనుకొని, తువ్వాల కట్టుకుని గోదావరి ఎటని అడిగితే, కొత్తగూడెం ఆటో ఆయన "నలభై కిలోమీటర్లుంది, తువ్వాల మీదనే వస్తవా?" అన్నడంట. వందసార్లు చెప్పిన కథే. కోటేష్ వందసార్లు నవ్విన కథే. కింది నుంచి వాని నవ్వు వినబడ్డది. వాడు నవ్వుతుంటే మొఖం చూడాలె నాకు. చిన్నప్పటి సంది అంతే. చూద్దామని వెనక్కి తిరిగిన. కుడి మోచెయ్యి సీటు పక్కనున్న లిఫ్టు లివరుకు తగిలింది.

తగిలినట్టుందా, తగిలిందా అని పదకొండు నెలలు నన్ను నేను అడుక్కున్న. ఇప్పుడు అడగను. తగిలింది.

అందరు ఉరికొచ్చిన్రు. ఎవరో, "లిఫ్టు దిగిందా?" అన్నరు. "దిగింది" అన్న. అబద్ధం కాదు గదా. పోలీసు కూడ అదే రాసుకున్నడు. తర్వాత ఎవ్వరూ అడగలే.

ఇప్పుడు చెప్పు, నేను రవికి సరే అని ఎట్ల అనాలె, వద్దు అని ఏ మొఖంతో అనాలె.

రూప్‌సింగ్


రేగులగుంపు
22 జూన్ 2025

రూప్‌సింగూ,

రింగు సంగతి అబద్ధమే. దూడ మెడల ఉందని నాకేం తెలుసు.

నీ ఉత్తరం జంపక్కకు చదివి వినిపించిన. తప్పైతే క్షమించు. ఇంత బరువు నేనొక్కన్నే మొయ్యలేను. ఆమె చేతుల పని ఆపలే. అంత విని ఒక్కటే రాసి చూపించింది. "ఆయన గురించే రాసిండు. ఇన్ని నెలలు సైదమ్మ ఏమనుకుంటుందో ఒక్కసారన్న అడిగిండా?" అని.

జవాబు నీ దగ్గర ఉండాలె. నీకు దొరుకుతదేమో చూడు.

రవి సీటెక్కకముందే చెప్పు. ఎక్కినంక చెప్తే వాడు దిగలేడు. ఎవరి మాటనో పట్టుకుని ఆ సీటుల కూసోవద్దు వాడు, నిజం తెలిసి కూసోవాలె.

లేపినంక లివరు కదలకుండ దానికి ఒక గొళ్ళెం వెల్డింగు చేయించు. సత్తుపల్లిల అరగంట పని. ముప్పై ఏళ్ళు అన్ని బండ్లు బాగుచేసిన, అందరు లేపి పెట్టి కిందికి వంగుతరని తెలుసు, ఒక్కనికన్న గొళ్ళెం పెట్టుకొమ్మని చెప్పలే. ఇది మాత్రం నా తప్పే. అబద్ధం కాదు.

గోపాలు


లచ్యాతండా
16 జూలై 2025

గోపాలన్నకు,

చెప్పిన.

ఏరువాక తర్వాత మొదటి పెద్ద వాన పడ్డ రోజు. సైదమ్మ అరుగు మీద పెసలు చెరుగుతుంది. నేను నిలబడే చెప్పిన. కూసుంటే లేవలేనేమోనని. బద్యా మామ కథ మొదలుపెట్టిన కాడి నుంచి మోచెయ్యి దాకా ఏం దాచలే. ఆమె చేట ఆపలే. పెసలన్నీ ఒక దిక్కు, పొట్టంత ఒక దిక్కు అయ్యేదాకా చెరిగింది. తర్వాత చేట పక్కన పెట్టింది.

"నీ చెయ్యేనా బావా?"

"అవ్."

"సక్కగ చెప్పు. నీళ్ళు గాదు, నూనె గాదు. నీ చెయ్యేనా?"

"నా చెయ్యే సైదమ్మా."

నన్ను కొడతదనుకున్న. కొడితే బాగుండు. ఆమె తన రెండు చేతులు ఒళ్ళె పెట్టుకుని వాటినే చూస్తుంది. 

"మరి నా చీర?" అన్నది.

నాకు అర్థం కాలే.

"ఆ పచ్చచీర కట్టింది నేనే. ఈ చేతులతోనే ముడేసిన. గట్టిగ వెయ్యలే, బిందె పొయ్యి మీద పెట్టొచ్చిన, జల్దీ పోవాలని వదులుగ వేసిన. ముడి ఊడబట్టే చీర పడ్డది. పడబట్టే ఆయన వంగిండు. ఏడాది కావస్తుంది బావా. కన్ను మూస్తే ఆ ముడి గట్టిగ వేస్తనే ఉన్న. దినం రోజు ముత్తక్క నా మొఖం మీదనే అన్నది, ఆడదాని చీర మగని ప్రాణం తీసిందని. గుర్తుందా? నువ్వు అక్కడనే కూసున్నవ్."

గుర్తుంది. ముత్తక్క అంటే మా మేనత్త, నోరు తెరిస్తే ఎవ్వరూ అడ్డం చెప్పరు. ఆమె ఆ మాట అన్నంక అందరు బిగుసుకుపోయిన్రు. నేనేం చేసిన్నో తెలుసా అన్నా? "అత్తా, నీ నోటికంటే రోటవేటరు నయం" అన్న. అందరు నవ్విన్రు. సైదమ్మకు సాయం చేసిన అనుకున్న. నిజం ఒక్క ముక్క నా దగ్గర ఉండంగ, అది చెప్పకుండ నవ్వించిన.

"ఆ రోజు నువ్వు నవ్వించినవ్ అందరిని" అన్నది సైదమ్మ.  చేట తీసుకుని లోపలికి పోయింది. అప్పటి నుంచి నాతో మాట్లాడుతలేదు. నేను వాకిట్లకొస్తే లోపలికి పోతది. వదిన జవాబు అడిగింది గదా. ఇదే. అడగలే నేను. ఏడాదిల ఒక్కసారి అడగలే.

రవికి ఆ సాయంత్రమే చెప్పిన. వాడు విని జేబుల నుంచి బండి తాళం తీసి మేకుకు తగిలిచ్చిండు. చెప్పులేసుకుని సత్తుపల్లి పోయిండు. నాలుగు రోజులు రాలే. ఫోన్ ఎత్తలే. చుట్టు అందరు దమ్ము మొదలుపెట్టిన్రు. మా మళ్ళు రెండూ నీళ్ళు నిండి ఖాళీగ ఉన్నయి. నేను బండికి గొళ్ళెం వెల్డింగు చేయించుకొచ్చిన. చేయించి షెడ్డుల పెట్టి కూసున్న. ఇంకేం చెయ్యాల్నో తెలవలే.

ఐదో రోజు పొద్దున వచ్చిండు. ఎక్కడున్నడో నేను అడగలే. తాళం తీసుకుండు. గొళ్ళెం వేసి తీసి, వేసి తీసి చూసిండు. లివరు చేత్తో గుంజి చూసిండు. నన్ను చూడకుండనే, "నారు ముదురుతుంది. నువ్వు గూడ రా. ఏమన్న చుట్టుకుంటే నువ్వే తియ్యాలె" అన్నడు.

అది కోపమో ఇంకేందో నాకు తెలవలే. "సరే" అన్న. మూడు నెలల నుంచి ఆ మాట ఎట్ల అనాలని నిన్ను అడిగిన. వాడే అనిపిచ్చిండు.

వాడు మంచిగ తోలుతడు అన్నా. మూలలకాడ వాళ్ళ నాయన లెక్కనే భుజం వంచి తిప్పుతడు. నేను గట్టు మీద కూసుని చూడలేకపోయిన, చూడకుండ ఉండలేకపోయిన. పదిగంటలప్పుడు రోటవేటరు ఆగింది. ఎవరో పారేసిన ప్లాస్టిక్ తాడు బ్లేడ్లకు చుట్టుకుంది.

వాడు లిఫ్టు లేపిండు. గొళ్ళెం వేసిండు. ఇంజన్ బంద్ చేసిండు. మళ్ళ స్టార్టు కావడానికి సతాయిస్తదని ఇద్దరికీ తెలుసు. ఆ నిశ్శబ్దంల కప్పల అరుపులు ఒక్కసారిగ వినబడ్డయి. రెండు తుమ్మ దుంగలు ముందే తెచ్చి గట్టు మీద పెట్టిండని నాకప్పటిదాకా తెలవదు. అవి మోసుకొచ్చి రోటవేటరు కింద తనే పెట్టిండు, కాలితో తన్ని చూసిండు.

నేను కొడవలి తీసుకుని కిందికి వంగిన. నా తమ్ముడు వంగిన తీరుగనే, అదే మడిల. తాడు మొన దొరకలే. నడుములు పట్టినట్టు అట్లనే ఉండిపోయిన.

"పెద్దబాపూ" అని పిలిచిండు.

తల తిప్పి చూసిన. వాడు సీటుల లేడు. బండికి పదడుగుల దూరం నడిచిపోయి, నాకు కనబడేటట్టు గట్టు మీద నిలబడి, రెండు చేతులు పైకెత్తి చూపిస్తుండు. నేను తాడంత కోసి బయటికొచ్చేదాకా అట్లనే నిలబడ్డడు. దించలే.

నీ
రూప్‌సింగ్